జామచిగుళ్లు, కల్లుప్పు

నాయనమ్మ మా బడి వరండాలో గోడకి ఆనుకుని జామచిగుళ్లు నములుతోంది, నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఎప్పుడు మాట్లాడుతుందా అని చూస్తున్నాను, వరండా చివర ఆసుపత్రి మంచాలు వరసగా ఉన్నాయి, అదేమీ నాకు వింతగా లేదు. ఆమె పోయి ఏడు నెలలైందని ఇద్దరికీ తెలుసు.

"ఇంకా పోలేదే వాసన," అంటుంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇంకో నాలుగు చిగుళ్లు తే."

నేను పరుగెడతాను. మా పెరటి జామచెట్టు బడి వెనక ఉంది, దగ్గరికి వెళ్తే రోడ్డవతల ఉంది, అందిన కొమ్మలకల్లా ముదురాకులే, చిగురు దొరికేసరికి గుప్పిట్లో కల్లుప్పు కరిగి కారిపోతోంది. ఆరో తరగతిలో నా పక్క పిల్ల నా నోటి వాసనకి ముక్కు మూసుకుని బెంచీ మారిపోయినప్పుడు, ఇవే చిగుళ్లు ఉప్పుతో నమిలించి, జామాకు మరిగించిన నీళ్లు పుక్కిలి పట్టించి, రోజూ పొద్దున్నే తన ముక్కు నా నోటి దగ్గర పెట్టి "హా అను" అనేది నాయనమ్మ. ఒక్కరోజూ మొహం తిప్పుకోలేదు.

తిప్పుకున్నది నేను. ఆసుపత్రిలో ఆఖరిరోజు ఏదో చెప్పాలని పిలిస్తే ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, వాసనకి ఒక్క క్షణం పక్కకి జరిగాను. చూసింది. నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

చిగుళ్లు చేతిలో పెడుతూ "ఇవన్నీ ఎందుకు, ఆ రోజు ఏం చెప్పబోయావో చెప్పు," అంటాను. మంచాలు ఒక్కొక్కటే కదిలి వెళ్లిపోతున్నాయి, ఎవరో బడి గంట కొట్టబోతున్నారు. "హా అను నాయనమ్మా. ఈసారి జరగను."

కొంగు తీస్తుంది. నేను ఆమె నోటికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగుతాను.

"నీ మొహం," అంటుంది. "ఆ రోజు కంపు నీ నోటిదే వనజా. రెండ్రోజులు పళ్లైనా తోమకుండా నా మంచం పట్టుకుని కూచున్నావు. పోయి మొహం కడుక్కుని ఇంత తిని రావే అందామని పిలిచాను."

"అబద్ధం. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు."

"అయితే నువ్వే చూసుకో," అని నా అరచెయ్యి పట్టుకుని దొప్పలా వంచి నా నోటిముందు పెడుతుంది. "హా అను."

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. గదిలో ఎవరూ లేరు. నా అరచెయ్యి దొప్పలా వంగి నోటిముందే ఉంది, దాన్నిండా పాచినోటి వాసన. చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే పడుకున్నాను.