లీలి చేతి శాంతి

పంపా నది ఒడ్డు చర్చిలో, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, అత్తగారు రాహేలమ్మ పక్కన నిలబడే హక్కు సోశమ్మది. ఒకటా రెండా, ఇరవై ఏడేళ్ళు! మూడు నెలల కిందట భోపాల్ నుంచి ఊడిపడ్డ తోటికోడలు లీలి ఆ చోటు కాస్తా కొట్టేసింది.

"అమ్మచ్చిని నేను పట్టుకుంటాలే అక్కా, నువ్వు హాయిగా ప్రార్థన చేసుకో" అంటూ అత్తగారికీ సోశమ్మకీ మధ్య దూరింది. మహాతల్లి! ముసలామెకి నీళ్ళు పోసి, గంజి తాగించి, కాళ్ళు పట్టిన ఇన్నేళ్ళూ ఈవిడగారు ఎక్కడున్నారో!

చోటు పోతే పోయింది. సోశమ్మ కడుపుమంట వేరు. ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెప్పాక బలిపీఠం నుంచి శాంతి వస్తుంది, చేతులు తాకించి ఇచ్చే దీవెన. పాదిరి అచ్చన్ ఇచ్చిన శాంతిని పరిచారకుడు ముందు వరసకి తెస్తాడు. అక్కణ్ణుంచి ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి, చివరి తలుపు దాకా వెళుతుంది. ఇన్నాళ్ళూ దాన్ని అత్తగారి చేతుల్నుంచే అందుకుంది సోశమ్మ. ఇప్పుడు లీలి ఇస్తే పుచ్చుకోవాలి. ఛీ, ఎంగిలి కూడు తిన్నట్టుంది ఆమెకి.

ఆ ఆదివారం పొద్దున్న తన భుజాన తెల్ల కవణి పైబట్ట కప్పమని కూడా అత్తగారు లీలినే పిలిచింది. దాంతో సోశమ్మ ఒళ్ళు మండిపోయింది. ఇవాళ దాని చేతి శాంతి నాకొద్దు, అంతే, అనుకుంది.

శాంతి వచ్చింది. రాహేలమ్మ అందుకుని లీలికి ఇచ్చింది. లీలి జోడించిన చేతులు ఇటు చాచింది. సోశమ్మ చేతులు కొంగు కింద దాచుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అక్కా..." అంది లీలి మెల్లగా.

"ప్రార్థనలో ఉన్నా. కనబట్టంలా?"

వెనక ముప్పై మంది ఆడవాళ్ళు చేతులు చాచి నిలబడిపోయారు. "నిద్రపోతోందేమిటి ఈవిడ?" అని ఎవరో గొణిగారు.

రాహేలమ్మకి చూపు ఆనదు, చెవుడు కూడాను. గొంతు మాత్రం చర్చి అంతటికీ సరిపోతుంది. "లీలీ, సోశకి ఇచ్చావా?" అని గట్టిగా అడిగింది.

లీలి ఆమె చెవి దగ్గరికి వంగింది. "తీసుకోవట్లేదు అమ్మచ్చీ."

"ఏమే సోశా!" అంది ముసలామె అంతే గట్టిగా. "ఇన్నేళ్ళు నాకు ముద్ద పెట్టిన చేతులే అవి. అవి ఖాళీగా ఉంటే, కుర్బానా రొట్టెకి నేను నోరెలా తెరవనే?"

మగవాళ్ళ వైపు కూడా తలలు ఇటు తిరిగాయి. సోశమ్మకి తల కొట్టేసినట్టయింది. గబగబా కొంగు కిందనుంచి చేతులు తీసి చాచింది. లీలి చేతులు మంచులా ఉన్నాయి, వణుకుతున్నాయి. పాపం, ఇది నాకు భయపడుతోందే, అనుకుంది సోశమ్మ మొదటిసారి.

అందుకుంది. వెనక్కి తిరిగి రెండో వరసలో ఆవిడకి ఇచ్చేసింది కూడా.

అసూయ చల్లారిందా అంటే, ఎక్కడ చల్లారింది! ముద్ద పెట్టిన చేతులన్న మాట లీలి చెవిన కూడా పడిందని లోలోపల ఎంత సంబరపడిందో. అంతలోనే, ఛీ, శాంతి పుచ్చుకున్న క్షణంలో కూడా ఇదేం బుద్ధే నాకు, అని ఏడుపొచ్చేసింది.