మనవాళ్లకు మాత్రమే

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే, "ఫోన్లో బటన్ల మీద రాస్తుంది" అని చెబుతుంది. వినడానికి షాపుల బోర్డులు రాసే పనిలా ఉంటుంది గానీ, అంతకంటే బాగా నేనూ చెప్పలేను. మనుషులు ఫోటోలూ కబుర్లూ పంచుకునే యాప్ ఒకటుంది. దాని తెర మీద కనబడే తెలుగు మాటలన్నీ నేను రాసినవే. 'పంపు' నాది. 'ఇప్పుడు వద్దు' నాది. నెట్ పోయినప్పుడు కనబడే 'కాస్త ఆగి మళ్లీ చూడండి' కూడా నాదే, దానికి మాత్రం అందరూ నన్ను తిట్టుకుంటారు.

ఆఫీసులో నన్ను మాటలమ్మ అంటారు. ఆ పేరు వచ్చింది దాదాపు మూడేళ్ల కిందట, ఒక్క మాట వల్ల. ఎవరైనా ఏదైనా రాసి పంపే ముందు, అది ఎవరికి కనబడాలో యాప్ అడుగుతుంది. మూడు బటన్లు. మొదటిది 'అందరికీ', చివరిది 'నాకు మాత్రమే'. మధ్యదానితోనే తంటా. దాని మీద మొదట్లో 'పరిచయస్తులకు' అని ఉండేది. దరఖాస్తు ఫారంలోంచి ఊడిపడ్డట్టున్న ఆ మాటను ఎవరూ నొక్కేవారు కాదు. పైగా చిన్న ఫోన్లలో సగానికి విరిగి, 'పరిచయ' ఒక వరసలో, 'స్తులకు' ఇంకో వరసలో పడేది. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, దాన్ని తీసేసి 'మనవాళ్లకు' అని పెట్టాను.

మా పరీక్ష గదిలో బయటివాళ్లను కూర్చోబెట్టి యాప్ వాడిస్తాం, అద్దం ఇవతల నుంచి చూస్తాం. ఆ మాట చూడగానే ఒకాయన నవ్వాడు. ఒకావిడ "అబ్బ, ఎంత బాగుంది" అంది. నెల తిరిగేసరికి ఆ బటన్ నొక్కేవాళ్లు రెండింతలయ్యారు. మా టీముకు పెద్ద అంకెలాయన. ఏ విషయమైనా అంకెల్లో చెప్తే తప్ప తలకెక్కదని ఆ పేరు పెట్టాం. ఆయన నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

ఆ మధ్య బటన్ నొక్కితే నిజంగా ఎవరికి చూపించాలన్నది ప్రోగ్రామర్ల ఫైల్లో ఒక వరసలో రాసి ఉంటుంది. ఫోన్లో ఎవరెవరి నంబర్లున్నాయో వాళ్లందరికీ అని. ఆ వరస నేను చదివాను. చదివే ఆ మాట రాశాను. రాసిన కొన్నాళ్లకు వరస మరిచిపోయి, నా మాటను నేనే నమ్మడం మొదలుపెట్టాను.

మా అక్క పాటల టీచరు. బడిలో చిన్నపిల్లలకు బృందగానం నేర్పుతుంది. కిందటేడు ఆమె ఎడమ చెవి మందగించడం మొదలైంది. కుడి చెవికి ఏమీ కాలేదు. డాక్టరు రెండు చెవులూ చూసి, కుడిది నిక్షేపంగా ఉందని రాసిచ్చాడు కూడా. ఏడాది చివర పిల్లల కచేరీ ఉంటుంది, అది అయ్యాక ప్రిన్సిపాల్ మేడమ్‌కు తనే చెప్పాలని అక్క ఆలోచన. ముందే తెలిస్తే క్లాసు తీసేస్తారని భయం. ఆ క్లాసు పోతే తను ఏమైపోతుందో నాకు తెలుసు. పన్నెండేళ్లుగా చూస్తున్నాను. జ్వరంలో కూడా పిల్లల పాట హమ్ చేస్తూ పడుకునే మనిషి.

మా పెదనాన్న, ఇద్దరు పిన్నులు, బావగారి అన్నయ్య చెవి మిషన్లు వాడతారు. ఏది మంచిదో ఒక్కసారే అందరినీ అడుగుదామని అక్క యాప్‌లో రాసి, పంపే ముందు నాకు ఫోన్ చేసింది. నేను భోజనం బల్ల దగ్గర కంప్యూటర్ ముందేసుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాస్తున్నాను. "ఇది ఎవరెవరికి కనబడుతుందే?" అని అడిగింది.

"మనవాళ్లకు మాత్రమే అక్కా" అన్నాను.

బటన్ మీద 'మాత్రమే' లేదు. అది నేను నోటితో కలిపిన మాట.

నాలుగు వందల పన్నెండు మందికి వెళ్లింది. పెదనాన్నకూ వెళ్లింది, గ్యాస్ తెచ్చే అతనికీ వెళ్లింది. అరవై మంది పిల్లల తల్లిదండ్రులకు వెళ్లింది. ఎడమ చెవి ఇక పని చేయదన్నారనీ, మిషన్ పెట్టుకున్నా పాట శ్రుతి తెలుస్తుందా అనీ అక్క రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు వెళ్లాయి. గంటలో ఒక తండ్రి దండం బొమ్మతో జవాబిచ్చాడు, 'ధైర్యంగా ఉండండి టీచర్' అని. అది చూశాకే అక్కకు సంగతి తెలిసింది. చెరిపేసింది. అప్పటికే ప్రిన్సిపాల్ మేడమ్ పువ్వు బొమ్మ పంపించింది.

మర్నాడు పిలిచి, చాలా దయగా మాట్లాడిందట మేడమ్. డాక్టరు కాగితం చూపించినా, "మీ ఆరోగ్యం ముఖ్యం" అందట. అక్కను లైబ్రరీకి మార్చారు. పాటల క్లాసు కంప్యూటర్ టీచరుకు ఇచ్చారు, ఆయన కాలేజీలో గిటారు వాయించేవాడని.

నేను పరిగెత్తుకెళ్లాను. అక్క ఏడవలేదు, నన్ను తిట్టలేదు. కాఫీ ఇచ్చి, నోట్సు చెబుతున్నట్టు చెప్పింది. "మా అంటే మేము మాత్రమే. మన అంటే ఎదుటివాణ్ని కూడా కలుపుకోవడం. నువ్వు మనవాళ్లు అని రాసినప్పుడు ఆ మాట అంటున్నది యాప్ కదా. అంటే అందులో మీ కంపెనీ ఉంది, మీ కంపెనీ ఎవరిని కలుపుకుంటే వాళ్లున్నారు. నేను మావాళ్లు అని చదువుకున్నాను." నిజమే. బస్సులో పక్క సీటు ఆవిడ కూడా గంట కబుర్లు చెబితే మనవాళ్లలో చేరిపోతుంది. అంతలా సాగే మాటను ఏరికోరి ఆ బటన్ మీద పెట్టింది నేను.

సోమవారం అంకెలాయన దగ్గరికి వెళ్లి, ఆ మాట తీసేసి 'మీ ఫోన్లో నంబరున్న అందరికీ' అని పెడదామన్నాను. రెండు వరసలవుతుందన్నాడు. అవనివ్వండి అన్నాను. జనం భయపడతారన్నాడు. భయపడాల్సిందే అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఒక్క ఇంటి ఫిర్యాదుతో రెండేళ్లుగా బాగా నడుస్తున్న బటన్ను మార్చలేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయనతో పోట్లాడాలంటే ఆయన భాషలోనే పోట్లాడాలి.

మా ఆఫీసులో ఫిర్యాదులు చూసే ఆవిడ కింది అంతస్తులో కూర్చుంటుంది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఏదో ఒక అరలో పడేయాలి ఆమె. 'యాప్ లోపం' ఒక అర, 'వాడినవారి పొరపాటు' ఇంకో అర. రెండో అర మా టీములో ఎవరూ తెరిచి చూడరు, పొరపాటు వాళ్లదే కాబట్టి. నేను వారం రోజులు కూర్చుని చదివాను. మధ్య బటన్ గురించి రెండేళ్లలో మూడు వందల నలభై ఉత్తరాలు. గర్భం పోయిన సంగతి అత్తగారికి తెలిసిపోయిందని ఒకామె. ఉద్యోగం మానేస్తున్నానన్న మాట యజమానే చదివాడని ఒకాయన. అందరూ ఇంచుమించు ఒకటే వాక్యం రాశారు, మనవాళ్లకు అని ఉంటేనే నొక్కామని. ప్రతి ఒక్కరికీ మా దగ్గర నుంచి ఒకే జవాబు వెళ్లింది, ఇకపై పంపే ముందు సరిచూసుకోండి అని. ఆ జవాబు కూడా నేను రాసిందే.

మూడు వందల నలభైనీ అచ్చు తీసి అంకెలాయన బల్ల మీద పెట్టాను. ఆయన పది చదివి ఆగాడు. తరవాత జేబులోంచి తన ఫోన్ తీసి, అందులో నంబర్లు కిందికి జరుపుతూ చాలాసేపు చూసుకున్నాడు. ఎవరెవరు కనబడ్డారో చెప్పలేదు. "సరే, రెండు వరసలు" అన్నాడు.

సరే అన్నంత మాత్రాన అయిపోదు. ముందు కొందరికి చూపించి చూడాలి. కొత్త మాట చూసినవాళ్లలో మూడో వంతు మంది పంపకుండా వెనక్కి వెళ్లిపోయారు. పైవాళ్లు మొహం చిట్లించారు. ఆయన నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. ఎనిమిది నెలలు పట్టింది.

ఈలోపు కచేరీ వచ్చింది. అక్కా నేనూ తల్లిదండ్రుల మధ్య మూడో వరసలో కూర్చున్నాం. కంప్యూటర్ టీచరు తల ఊపుతూ చెయ్యి ఆడిస్తున్నాడు. అక్క కుడి చెవి వేదిక వైపు తిప్పి వింటోంది. రెండో పాట సగంలో నా చెయ్యి పట్టుకుని, వెనక వరసలో పొట్టి పిల్ల శ్రుతి తప్పుతోందని చెప్పింది. ఆ హాల్లో అది ఇంకెవరికీ తెలియలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. చప్పట్లు మొదలయ్యాక అక్క అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

కొత్త మాట అందరి ఫోన్లలోకీ వెళ్లిన రోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గర నుంచే అక్కకు ఫోన్ చేశాను. లైబ్రరీలో ఖాళీగానే ఉంది. ఉత్తరాల సంగతి, అంకెలాయన సంగతి, రెండు వరసల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మెచ్చుకుంటుందనే చేశాను. అంతా విని, ఇంకెవరికీ అలా జరగదులే, మంచి పని చేశావంది. తరవాత ఇంకో మాట అంది.

"మాట మార్చావు, సంతోషమే. కానీ ఆ రోజు నేను బటన్‌ని అడగలేదే. నిన్ను అడిగాను."

ఎనిమిది నెలలుగా మాటను తిట్టాను, బటన్ సైజును తిట్టాను, అంకెలాయనను తిట్టాను. మా ఆఫీసు హాలుకు మధ్యలో గోడలు లేవు, అటూ ఇటూ మనుషులున్నారు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, మెల్లగా అన్నాను.

"తప్పు నాదక్కా. చూడకుండా చెప్పాను."

"వినబడలేదు. గట్టిగా చెప్పు."

నిజంగానే వినబడలేదో, మళ్లీ చెప్పించుకోవాలనుకుందో నాకు తెలియదు. కుర్చీలోంచి లేచాను. హాల్లో నలభై మంది దాకా ఉంటారు. వాళ్లందరికీ వినబడేలా చెప్పాను.