పసుపు రాసిన చిల్లుల పలక

నేను ఒక చిల్లుల పలకను. జల్లెడనో, ఇడ్లీ రేకునో అనుకునేరు! తేనెటీగల పెట్టె గుమ్మానికి బిగించే పలకను నేను. నా చిల్లులు ఎంత కొలిచి పెట్టారంటే, ఈగ ఒళ్ళు దూరుతుంది గానీ, దాని వెనక కాళ్ళకు అంటుకున్న పుప్పొడి ముద్దలు దూరవు. అవి రాలి కింద సొరుగులో పడతాయి. ఆ ముద్దల్ని మనుషులు ఆరబెట్టి, సీసాలకెత్తి, ఒంటికి బలమని తింటారు. పొలమంతా తిరిగి తెచ్చుకున్నదాన్ని గుమ్మంలోనే ఊడబెరుక్కోవడాన్ని వాళ్ళు 'సేకరణ' అంటారు. మాట ఎంత మర్యాదగా ఉందో చూడండి!

నేను పుట్టింది ప్లాస్టిక్ సామాన్ల కార్ఖానాలో. నాతోపాటు అదే పూట సబ్బు పెట్టెలు కూడా పుట్టాయి గానీ వాటితో నాకు చుట్టరికం లేదు. మొదట తేనెటీగల పెంపకం నేర్పే ఒక మాస్టారి చేతిలో పడ్డాను. ఆయన ప్రతి తరగతిలో నన్ను పైకెత్తి, "తేనె పెద్ద ఈగలకు, పుప్పొడి పిల్లలకు. ఇది రోజు విడిచి రోజే పెట్టాలి, లేకపోతే పిల్లలు పస్తుంటాయి" అని చెప్పేవారు. వినేవాళ్ళు తలలూపి, కిలో ఎంత పలుకుతుందని అడిగేవారు.

ఆ తరగతుల నుంచి నన్ను సునంద తెచ్చుకుంది. సిద్దిపేట పక్కన ఒక పల్లె. ఒకే వాకిట్లో ఇద్దరు తోడికోడళ్ళ కాపురాలు. పెద్దామె రాజవ్వది ఇంటి వెనక కూరగాయల తోట. చిన్నామె సునందవి తోట గట్టున తేనెటీగల పెట్టెలు. గట్టుకు అవతల పొద్దుతిరుగుడు చెలక.

"మా ఈగలొచ్చినంక నీ తోట ఎట్ల కాస్తున్నదో చూడక్కా" అనేది సునంద.

"ఆఁ, నా వంకాయలు నీ ఈగలనడిగి కాస్తయా!" అనేది రాజవ్వ.

గుమ్మంలో కూర్చున్నవాడికి అన్నీ కనిపిస్తాయి. దోసపాదు సంగతిలో సునంద మాట నిజమే, అది మా ఈగల చలవే. వంకాయ సంగతి వేరు. వంగపువ్వు తన పుప్పొడిని చిన్న గొట్టాల్లో దాచుకుంటుంది. మా ఈగలు వస్తాయి, చూస్తాయి, మొహం చిన్నబుచ్చుకుని పోతాయి. అప్పుడొస్తుంది నల్లటి తుమ్మెద. పువ్వును కావలించుకుని జుమ్మని ఒళ్ళు ఊపుతుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. దాని ఇల్లు పశువుల కొట్టం వాసంలో ఒక తొర్ర. దానికి ఎవరూ పెట్టె చేయలేదు, దాని గుమ్మానికి నన్ను బిగించలేదు. తోడికోడళ్ళ వాదనలో ఒక్కసారైనా దాని పేరు రాలేదు పాపం.

రాజవ్వకు ఈగలంటే చచ్చేంత భయం. భయపడ్డదానికి దండం పెట్టడం మనుషులకు అలవాటు. దసరాకి సునంద పనిముట్లన్నీ కడుగుతుంటే, రాజవ్వ ధైర్యం చేసి వచ్చి, పెట్టెకూ నాకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. గుమ్మంలో నిలబడి దోచుకునే నేను ఆ పూటతో దేవుణ్ణయిపోయాను. అబద్ధమెందుకు, నాకు బాగానే నచ్చింది.

పండగ వెళ్ళిన కొద్ది రోజులకే, కాన్పుకు పుట్టింటికొచ్చిన రాజవ్వ కూతురు ఆడపిల్లను కన్నది. ఇంటికి పురిటి మైల వచ్చింది. సునంద నన్ను తీయబోతే రాజవ్వ చెయ్యి పట్టుకుంది.

"పురిట్ల దేవున్ని ముట్టుకుంటమానే? మైల పోయేదాక దాని జోలికి పోకు."

"అక్కా, అది పలక. తియ్యకుంటే ఈగల పిల్లలకు తిండుండదు."

"పసుపు రాసినంక పలకెట్లయితది?"

పెద్దామె మాట. సునంద చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

ఈగలు ఊరుకుంటాయా? లోపల పిల్లలకు తక్కువవుతోందని ఇంకా ఎక్కువ ఈగలు బయలుదేరాయి. పొద్దుతిరుగుడు పూలన్నీ పొద్దెక్కకముందే ఊడ్చేశాయి. గట్టు మట్టిలో బొరియలు చేసుకుని బతికే చిన్న చిన్న అడవి ఈగలు ఆలస్యంగా వచ్చి, ఖాళీ పూల మీద తచ్చాడి వెళ్ళిపోయేవి. తెచ్చిందంతా నా దగ్గరే రాలింది. సొరుగు నిండి కింద పొర్లింది, చీమలు పండగ చేసుకున్నాయి. ఇంట్లో అంతకుముందు నింపిన పుప్పొడి సీసాలోంచి రాజవ్వ పొద్దున్నే ఒక చెంచాడు తీసి బాలింతకు పెట్టేది, పాలు బాగా పడాలని.

ఒక ఉదయం రాజవ్వ పసిగుడ్డు బట్టలు ఉతికి గట్టు మీది తీగకు ఆరేస్తోంది. నా కింద తెల్లగా ఏవో పడి ఉండటం చూసింది. అప్పుడే ఒక ఈగ నా చిల్లులోంచి ఇంకొకదాన్ని ఈడ్చుకొచ్చి అక్కడ వదిలింది.

"సునందా, ఇవేందే?"

"పిల్లలక్కా. తిండిలేక సచ్చినయ్. అవే బయట పడేస్తున్నయ్."

"నేను బిడ్డకు పెడ్తున్న పొడి..."

"వీటి బువ్వనే అక్కా."

ఇంట్లో పసిపిల్ల ఏడ్చింది. తల్లి పాలిచ్చినట్టుంది, వెంటనే ఊరుకుంది. రాజవ్వ తడి బట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నాకు ఎన్నడూ లేనిది సిగ్గేసింది.

"మా ఇంట్ల పిల్ల పుట్టిందని వీటి పిల్లలను ఎండవెడ్తిమా! ఇదేం మైలనే!"

అని బట్ట సునంద భుజాన వేసి, ముఖానికి కొంగైనా అడ్డం పెట్టుకోకుండా నన్ను పట్టి గుంజింది. "ఆగక్కా, పొగ పెట్టనియ్" అని సునంద అరుస్తూనే ఉంది. ఈగలు రాజవ్వ రెండు చేతులనూ కుట్టాయి. ఆమె నన్ను వదల్లేదు. గుమ్మం నుంచి ఊడదీసి గట్టు కింద బురదలోకి విసిరేసింది. పసుపూ కుంకుమా ఆ బురదలోనే కలిసిపోయాయి.

అక్కడ వెల్లకిలా పడి మొదటిసారి ఆ గుమ్మాన్ని బయటినుంచి చూశాను. కాళ్ళకు పచ్చటి ముద్దలతో ఒక ఈగ వచ్చింది. అలవాటుకొద్దీ గుమ్మం ముందు ఆగి, ఒళ్ళు ముడుచుకుంది. అడ్డం ఏమీ లేదు. దాని వెనకే ఇంకొకటి వచ్చి ఆగింది.

రాజవ్వ వాచిన చేతులతో వాటి పక్కనే చతికిలబడింది.

"పోండి బిడ్డా, లోపలికి పోండి," అంది. "పిల్లలు ఆకలిగొని ఉన్నరు."