రిజిస్టర్లో నడక

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. చలపతిరావు పద్దెనిమిదేళ్లుగా కూర్చునే తింటున్నాడు, ఆయన పొట్ట మాత్రం ఏ ఏటికా ఏడు పెరుగుతూనే వచ్చింది. కాజీపల్లిలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన టైమ్ ఆఫీసు గుమస్తా. గుడివాడ దగ్గరి నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ లేచిందెప్పుడో ఆయనకే గుర్తులేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఫైలు కావాలన్నా బెల్లు కొట్టేవాడు. అదే హోదా అనుకునేవాడు పాపం.

ఆయన బల్లమీద ఒక మూవ్‌మెంట్ రిజిస్టర్ ఉండేది. ఎవరు సీటు వదిలినా పేరు, సమయం, కారణం అందులో పడాలి. రాయకుండా తిరిగేవాళ్లను కిటికీలోంచి కనిపెట్టి చలపతిరావే రాసేవాడు. ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, అందులో సగం శ్రద్ధ తన నడుం మీద పెట్టినా ఈ కథ ఉండేది కాదు.

అలా దొరికినవాడు లింగం. కొండాపూర్ మనిషి. రోజంతా స్టూలు మీద కూర్చుని, మందు సీసాలను ఒక్కొక్కటే లైటు ముందు పట్టి, లోపల నలుసుందేమో చూడటం అతని పని. మాటిమాటికి లేచి వరండా చివరి నీళ్లకుండ దాకా వెళ్లి వస్తున్నాడు. చలపతిరావు ఒక రోజల్లా లెక్కపెట్టాడు. పదిహేడుసార్లు. పదిహేడు వరసల్లోనూ కారణం దగ్గర 'కారణం లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. లింగానికి అంతకుముందే ఒక మెమో ఉంది. ఇప్పుడు ఎంక్వయిరీ వేశారు. తప్పు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. సాక్షి చలపతిరావే.

ఎంక్వయిరీ శుక్రవారం ఉందనగా, ఆ వారం సోమవారం మధ్యాహ్నం చలపతిరావు భోజనానికి లేవబోయి లేవలేకపోయాడు. ఎడమకాలు తన కాలే కానట్టు మొద్దుబారింది. ఇద్దరు పట్టుకుని లేపారు. సాయంత్రం పటాన్‌చెరులో డాక్టరు నడుం నొక్కి చూసి, మందు చీటీ రాయకుండా కలం మూసేశాడు.

"అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. అదే మందు. ఇలాగే కూర్చుంటే రేపు నడుమే మిమ్మల్ని లేవనివ్వదు."

మందుల ఫ్యాక్టరీ మనిషికి ఒక్క బిళ్లయినా రాయలేదని చలపతిరావు చిన్నబుచ్చుకున్నాడు. అయినా భయం ముందు సిగ్గెంత. మర్నాటినుంచి లేవసాగాడు. ఊరికే నడుస్తున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని చంకలో ఒక ఫైలు పెట్టుకునేవాడు. అందులో పాత క్యాలెండరు కాగితాలు తప్ప ఏమీ లేవు. పోనీ అంతటితో ఊరుకున్నాడా. నియమం నియమమే కదా అని, లేచిన ప్రతిసారీ రిజిస్టర్లో తన పేరు రాసుకుని, కారణం దగ్గర 'వైద్య సలహా' అని పెట్టుకున్నాడు. రోజుకు పదిహేను వరసలు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది, కానీ ఆ సంగతి బల్లికింకా తెలియలేదు.

శుక్రవారం మేనేజరు కామరాజు రిజిస్టర్ ముందు పెట్టుకుని లింగాన్ని అడిగాడు.

"పదిహేడుసార్లు ఎందుకు లేచావు?"

"జెరసేపు కూసుంటే నడుము పట్టుకుంటది సారు. కాళ్లు తిమ్మిరెక్కుతయి. నాలుగడుగులేస్తే మల్ల సీసా మంచిగ కనబడ్తది."

"డాక్టరు చీటీ ఉందా?"

"లేదు సారు. నా నడుమే చెప్పింది."

చలపతిరావుకు ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. తను డాక్టరు దగ్గర కూర్చుని తెలుసుకున్నది లింగానికి ముందే తెలుసు. పైగా లేచిన లెక్కలో తేడా రెండుసార్లే. తర్వాతి పేజీ తిప్పకపోతే ఎవరికీ తెలియదు. తిప్పితే పద్దెనిమిదేళ్ల పరువు పోతుంది. ఆలోచిస్తుండగానే అరగంట దాటింది. ఎడమకాలు జివ్వుమంది. బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికండీ, సాక్ష్యం మధ్యలో?" అన్నాడు కామరాజు.

చలపతిరావు చెయ్యి చాచి పేజీ తిప్పాడు. వరసగా తన పేరే.

"మా ఇద్దరి జబ్బూ ఒకటేనండి. మందూ ఒకటే. నాకు డాక్టరు చెప్పాడు కాబట్టి 'వైద్య సలహా' అని రాసుకున్నాను. ఇతనికి ఎవరూ చెప్పలేదని 'కారణం లేదు' అని రాశాను. తప్పు నాదండి."

కామరాజు రెండు పేజీలూ మార్చి మార్చి చూశాడు. పొద్దున్నుంచి ఆయనా కుర్చీ వదల్లేదు. రిజిస్టర్ మూసి, లేవబోయి, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగాడు.

"కేసు లేదు. వెళ్లండి ఇద్దరూ," అన్నాడు.

వరండాలోకి వచ్చాక చలపతిరావుకు లింగం మొహం చూడటానికి సిగ్గేసింది. అలవాటుకొద్దీ ఫైలు చంకలోనే ఉంది. లింగం దానికేసి చూశాడు.

"సారు, నాలుగొద్దుల సంది సూస్తున్న. నడిసేటందుకు గా ఫైలెందుకు? చేతులూపుకుంట నడువుండ్రి, నడుము ఇంకింత జల్దీ మంచిగైతది."

చలపతిరావు ఫైలును కిటికీ గట్టుమీద పెట్టి, ఒట్టి చేతులతో లింగం వెంట నీళ్లకుండ దాకా నడిచాడు.