నీడలు ముందు నడిచే వీధి

పొద్దున్నే లేవడం, పొయ్యి దగ్గరే నిలబడి టీ గొంతులో పోసుకోవడం, తాళం పడిందో లేదో రెండోసారి లాగి చూసుకోవడం, నీళ్లాఫీసుకి ఉరకడం. ఆవిడ రోజులన్నీ ఇలాగే మొదలయ్యేవి. ఆఫీసులో ఆవిడ పని ఫోనెత్తి తిట్లు తినడం. కుళాయి రాకపోయినా, వచ్చింది ఆగకపోయినా, పక్కింటికి ఎక్కువొచ్చినా జనం ఆ ఫోనుకే చేస్తారు. "క్షమించండి, మీ ఫిర్యాదు అందింది" అని ఎంత మెత్తగా అనేదంటే, తోటివాళ్లు ఆవిడకి క్షమించమ్మ అని పేరు పెట్టేశారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

నలభై దాటాయి. తల్లి మంచాన పడి ఉన్నన్నాళ్లూ పెళ్లి ఊసెత్తలేదు, తల్లి పోయాక ఎత్తేవాళ్లు లేరు. తోడూ నీడా లేని మనిషి అంటారే, అలాగన్నమాట. తోడు సంగతి అటుంచండి, ఆవిడకి నీడ కూడా తరిగిపోతోంది.

ఆ ఊళ్లో చెప్పులు అరిగినట్టే నీడలూ అరుగుతాయి. దాన్నెవరూ వింత అనుకోరు. సాయంత్రం జనం పనుల నుంచి తూర్పుముఖంగా ఇళ్లకి వస్తుంటే, వెనక నుంచి పడే ఎండకి వాళ్ల నీడలు ముందుగా ఇల్లు చేరతాయి. బేకరీ అతని నీడ గుమ్మానికి తగలగానే పిల్లలు "నాన్నొచ్చాడు" అని తలుపు తీస్తారు. నర్సమ్మ నీడ మెట్లెక్కుతుంటే చాలు, వాళ్ల అత్తగారు టీవీ కట్టేసి మూలగడం మొదలుపెడుతుంది.

ఆ చలికాలం డాక్టరమ్మ ఆవిణ్ణి కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టి, టేపుతో నీడ కొలిచి, పెదవి విరిచింది.

"ఒంట్లో ప్రతి కణమూ తనలాంటిదే ఇంకోటి కుట్టుకుంటూ ఉంటుందమ్మా. కుట్టినప్పుడల్లా అంచు కాస్త పోతుంది, ఆ మేరకి నీడా తరుగుతుంది. అది అందరికీ ఉండేదే. నీకు మరీ తొందరగా పోతోంది. ఏం తింటున్నావ్?"

"బిస్కెట్లండీ."

"నిద్ర?"

"పడుకుంటానండీ."

"నేనడిగింది అది కాదు. పోనీ, ఎవరితోనన్నా మాట్లాడతావా?"

"రోజంతా మాట్లాడుతూనే ఉంటానండీ. మందేమైనా రాస్తారా?"

"మందే ఉంటే ముందు నేను మింగనూ?" అని డాక్టరమ్మ తన నీడ చూపించింది. పాపం, అదీ అంతంతమాత్రమే. "వేళకి తిను, నడు, నిద్రపో, నలుగురిలో తిరుగు. నీడ మడమ కిందికి పోయిందంటే ఇక నా చేతుల్లో ఉండదు."

అంత చెప్పాక ఎవరైనా ఏం చేస్తారు? ఈవిడ సిగ్గుపడింది. మధ్యాహ్నం డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు అందరి నీడలూ పొట్టివే, పోల్చి చూసేవాళ్లుండరు. తిరిగొచ్చేసరికి చీకటే. అలా నలుగురి కంటా పడకుండా తిరగడంతో జానెడున్న నీడ కాస్తా నాలుగు వేళ్లకి వచ్చింది. రాత్రిళ్లు మంచం మీద కూర్చుని దీపం వెలుగులో దాన్ని చూసుకుంటూ చచ్చేంత భయపడేది. ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

ఒకరోజు ఊరి పంపు పాడైంది. ఫోన్లు మోగీ మోగీ చివరికి వాటి వైర్లు కూడా చేతులెత్తేశాయి. పై అధికారి అందర్నీ ఎండ ఉండగానే ఇంటికి పంపేశాడు. ఎన్నాళ్లకో ఆవిడ ఆ వేళకి వీధిలో నడిచింది. అందరి నీడలూ బారుగా సాగి, ఆవిణ్ణి దాటుకుని ముందుకి పోతున్నాయి. సైకిలతను మీదికొచ్చి బ్రేకు వేసి, "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారండీ!" అన్నాడు.

ఆవిడ వాటాకి కింద వాటాలో ఈత మాస్టారు ఉంటాడు. ఊళ్లో సగం మందికి ఈత నేర్పి రిటైరైన మనిషి. ఎనభై దాటినా ఆయన నీడ వీధి చివరి కుళాయి దాకా పోతుంది. చూపు మాత్రం మసకబారి, ఎండా నీడా తప్ప కళ్లకేమీ ఆనవు. గుమ్మం ముందు బెంచీ మీద కూర్చుని, కాళ్ల మీద పడే నీడ చల్లదనాన్ని బట్టి ఎవరొస్తున్నారో చెప్పేస్తాడు. ఆవేళ ఖాళీ బకెట్ పక్కన పెట్టుకుని సణుగుతున్నాడు.

"క్షమించండి, పంపు పాడైంది. రేపటికి వచ్చేస్తాయండీ," అంది ఆవిడ అలవాటుగా.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "ఎవరది? నీడ పడలేదే!"

"నేనండీ. పై వాటాలో ఉంటాను."

"పై వాటాలో ఎవరున్నారు? పెద్దావిడ పోయినప్పటినుంచీ ఖాళీయేగా!"

ఆవిడ చేతిలో తాళాలు జారి కిందపడ్డాయి. ఇన్నేళ్లలో ఎన్ని తిట్లు తినలేదు, ఏదీ ఇంతలా తగల్లేదు. తల్లితోపాటు తనూ పోయిందన్నమాట. దుఃఖం ఆగలేదు. "క్షమించండి," అంది ఏడుస్తూనే.

మాస్టారు తల పక్కకి వంచి విన్నాడు. "ఆగాగు. ఈ గొంతు నేనెరుగుదును. ఇందాక నీళ్లాఫీసుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వేనా?"

"నేనేనండీ."

"నా నోరు పడిపోనూ! నెత్తిమీదున్న పిల్లనా నేను తిట్టింది! కూర్చోమ్మా, కూర్చో. నా ఫిర్యాదు అందిందన్నావుగా, ఇప్పుడు నీది చెప్పు."

"నాకేం ఫిర్యాదులు లేవండీ."

"మరి ఆ ఏడుపెందుకు? పంపు పాడైందనా?"

ఏడుపులోనే ఆవిడకి నవ్వొచ్చింది. కిందపడ్డ తాళాలు తీసుకుని బెంచీ చివర కూర్చుంది.

"అమ్మ పోయినప్పుడు ఎవరికో నీళ్ల రంగు గురించి క్షమాపణ చెబుతున్నాను మాస్టారూ. పక్కింటావిడ నాకోసం ఎన్నిసార్లు చేసినా లైను బిజీ. అమ్మ నన్నడిగిందట. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ ఫోనే మోగుతుంది."

మాస్టారు ఓదార్చలేదు. ఊరుకోమనీ అనలేదు. "నీ ఫిర్యాదు అందిందమ్మా," అన్నాడు. వేళాకోళానికి కాదు.

తర్వాత లేచి గోడ తడుముకున్నాడు. "లోపల రొట్టె ఉంది. ఒక్కణ్ణే తినలేక సగం పావురాల పాలు చేస్తున్నా. రా. రేపు కూడా ఎండ ఉండగానే రా."

"ఎప్పుడొస్తే ఏం మాస్టారూ? నా నీడ మీ దాకా రాదు."

"అది రాకపోతే నువ్వు రా."

మర్నాడే ఆవిడ మళ్లీ పొద్దుటి డ్యూటీకి మారింది. సాయంత్రం వచ్చి "నేను మాస్టారూ" అనడం, ఆయన అదిరిపడి "ఎప్పుడొచ్చావే!" అనడం రోజూ జరిగేదే. ఇద్దరూ కుళాయి దాకా నడిచి వచ్చేవాళ్లు. కూర్చుని తినేవాళ్లు. ఆయన ఈతలో ములిగిపోబోయినవాళ్ల కథలు చెబుతుంటే ఆవిడకి ఆవలింతలొచ్చేవి. పైకెళ్లి ఆదమరిచి నిద్రపోయేది. మంత్రమేసినట్టు నీడ పెరిగిపోయిందనుకునేరు, అదేం లేదు. ఎండలు ముదిరాక డాక్టరమ్మ కొలిచి, "పెరగలేదు గానీ తరగనూ లేదు," అని, రెండోసారి కొలిచి చూసుకుంది. ఆ తర్వాత ఆవిడ కొలిపించుకోవడం మర్చిపోయింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఇంటికెళ్లే వేళకి ఫోనులో ఒకాయన తిట్లు అందుకున్నాడు. "కాసేపుండండి, మిగతాది పక్కమ్మాయి వింటుంది," అంది ఆవిడ. "ఇంటి దగ్గర నాకోసం చూస్తుంటారు."

ఎండని వీపున వేసుకుని నడుస్తూ వచ్చింది. నేలకేసి చూసుకునే అలవాటు ఎప్పుడో పోయింది. బెంచీ ఇంకా దూరంగానే ఉంది. రొట్టె కోస్తున్న మాస్టారు చాకు ఆపి, పాదాలు కాస్త కదిపాడు.

"వచ్చావా అమ్మాయ్," అన్నాడు.

"నేను మాస్టారూ" అనబోయిన నోరు అలాగే ఉండిపోయింది. ఆవిడ కిందికి చూసుకుంది. తన నీడ తల ఆయన పాదాల మీద ఉంది.