చప్పట్లు వినపడినంత దూరం

డ్రిల్లు మాస్టారు మైదానంలో సున్నంతో గీత గీస్తూ, ఛాతీ నొప్పికి మధ్యలో ఆగిపోయారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని పొద్దున్న కూడా భార్య పోరు పెట్టింది. "రేపు తప్పకుండా వెళ్తానే" అన్నారు. ఆయన రేపులకు అంతు లేదని ఆవిడకు తెలుసు.

బడికి రాని మాస్టార్ల క్లాసులన్నీ ఈయన నెత్తినే పడేవి. మిగిలిన కాస్త తీరికలో కొత్త ఆటలు కల్పించేవారు. కాలు ఈడ్చే పిల్లవాడి కోసం క్లాసంతటినీ నేల మీద కూర్చోబెట్టి బంతాట ఆడించారు. తోటి మాస్టార్లు చాటుగా నవ్వుకున్నారు, సాయం మాత్రం పట్టలేదు.

చూపులేని పిల్లకు ఆయన పరుగు నేర్పారు. గీత దగ్గర నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆ చప్పుడు మీదికే దూసుకొచ్చేది. ఆమె పరిగెత్తినంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదని పిల్లలందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. బడి పరుగు పోటీలో ఆమెనూ దింపుతానని పట్టుబట్టారు.

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అన్నాడు హెడ్మాస్టరు. "పడితే నా పీక మీదికొస్తుంది. ఇవాళ నా కళ్ళముందు ఒక్కతే గీత దాటితే పోటీలో ఉంటుంది. లేదంటే కూర్చుని చూస్తుంది."

"చూడ్డానికి నాకేముంది మాస్టారూ" అంది పిల్ల, పక్కనుంచి.

మాస్టారు నవ్వలేకపోయారు. పిల్లను నిలబెట్టి, తాను గీత దగ్గరికి నడిచి చప్పట్లు మొదలుపెట్టారు.

పిల్ల పరుగందుకుంది. సగం దాటింది. చప్పట్లు నెమ్మదించి ఆగిపోయాయి. మాస్టారు గీత మీద చతికిలబడి, పక్కకు ఒరిగిపోయారు. పిల్లలంతా చూశారు. ఒట్టు వేశారు కనుక ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన చేష్టలు తెలిసినవాడు కనుక హెడ్మాస్టరూ ఇదేదో కొత్త పాఠమే అనుకున్నాడు.

"మాస్టారూ, కొట్టరేం?" అంది పిల్ల, మైదానం నడుమ ఆగి.

అప్పుడు కదిలారు అందరూ. మాస్టారిని బల్ల మీద వేసి పరుగున మోసుకెళ్ళారు. డాక్టరు దగ్గరికి చేరేసరికి చూడటానికేమీ మిగల్లేదు.

ఆ గొడవలో పిల్లను అందరూ మరిచిపోయారు. చివరి చప్పట్లు వినపడిన వైపే ఆమె చేతులు చాచి నడిచింది, తడబడకుండా గీత దాటింది. చూసినవాళ్ళు లేరు. కాలికేదో మెత్తగా తగిలితే వంగి తడిమింది. మాస్టారి టోపీ, లోపలి పట్టీ ఇంకా చెమటతో తడిగానే ఉంది.