పొగగొట్టం కనిపించే ఇల్లు

ఇళ్లు వెతకడం మొదలుపెట్టిన కొత్తలో ఆమెకి అదొక సరదాగా ఉండేది. ఆదివారం వస్తే చాలు, పాపని చంకనేసుకుని మొగుడి వెంట బస్సెక్కి, నగరం అంచున ఏదో ఒక కొత్త కాలనీలో దిగేది. ఒకచోట నీళ్లు పుష్కలం, బస్సు మాత్రం గగనం. ఇంకోచోట గుమ్మం ముందే బస్సు, కుళాయిలో గాలి తప్ప ఏమీ రాదు. మరోచోట అన్నీ అమిరాయనుకుంటే, అద్దె వినగానే మంచినీళ్లు కూడా అడక్కుండా బయటపడ్డారు. పేర్లు మాత్రం అన్నిటికీ ఘనమే. తోట అని పేరు పెట్టిన కాలనీలో చెట్టన్నది లేదు. సరస్సు అని పేరు పెట్టినచోట ఉన్న ఒక్క గుంటనీ పూడ్చేసి ప్లాట్లు వేశారు.

ఇంత తిరుగుడూ దేనికంటే, ఆమె మొగుడు పనిచేసే ఫౌండ్రీ వాళ్లింటికి పూర్తిగా అవతలి కొసన ఉండేది. ఇనుము కరిగించి నీళ్ల పంపులకి భాగాలు పోతపోసే పని ఆయనది. తెల్లారకముందే వెళ్లేవాడు, పాప నిద్రపోయాక వచ్చేవాడు. ఒకసారి జ్వరమొచ్చి పనిరోజున ఇంట్లో పడుకుంటే, పాప మంచం దగ్గరికొచ్చి వింతగా చూసి, "ఇవాళ ఆదివారమా?" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

"ఇంకేం చూడొద్దు. ఆ ఫౌండ్రీ పక్కనే ఇల్లు తీసుకుందాం," అంది. తనది కుట్టుపని. మిషను ఎక్కడ పెడితే అదే దుకాణం.

ఆమె తమ్ముడు ఆ మాట విని ఒంటికాలి మీద లేచాడు. "అక్కా, అక్కడేముందని? కుక్కలూ కంపచెట్లూ తప్ప మనిషన్నవాడు కనపడడు!"

"మీ బావ కనపడతాడు కదరా. చాల్లే," అంది.

నిజంగానే చాలింది. ఆ ఇంటి వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా ఫౌండ్రీ పొగగొట్టం. మధ్యాహ్నం సైరన్ మోగగానే ఆమె కంచాలు పెట్టేది, వడ్డన పూర్తికాకముందే గేటు చప్పుడయ్యేది. పాప ఆ సైరన్‌ని "నాన్న బెల్లు" అనేది. పగటి వెలుగులో మొగుణ్ణి చూడడం ఆమెకే కొత్తగా ఉండేది. ఆయన ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని పెళ్లయిన ఇన్నేళ్లకి ఆ ఇంట్లోనే తెలిసింది.

వాళ్లు అలా స్థిరపడ్డారో లేదో, నగరం వెతుక్కుంటూ వచ్చేసింది. ముందు రోడ్డు వేశారు. దాని వెంట మందుల షాపు, బడి వచ్చాయి. వాటి వెనక బిల్డింగులు వరసగా లేచి ఆకాశాన్ని సగం మింగాయి. కంపచెట్లని వెక్కిరించిన తమ్ముడే వచ్చి, "అదృష్టమంటే నీదే అక్కా!" అని పొగిడి వెళ్లాడు. ఆ బిల్డింగుల్లో దిగినవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి, ఫౌండ్రీని చూసి ముక్కులు మూసుకున్నారు. అది తమకంటే ముందునుంచీ అక్కడే ఉందన్న సంగతి వాళ్లకేం పట్టింది?

అలాగని పొగ అబద్ధం కాదు. ఆమె కుట్టిన బడి చొక్కాలు ఉతికి ఆరేస్తే నల్లబడేవి. పాపకి దగ్గు పట్టుకుని వదల్లేదు. "పొగ లేని చోట ఉంచండమ్మా," అన్నాడు డాక్టరు, అదేదో మందుల షాపులో దొరుకుతున్నట్టు.

కాలనీ సంఘం ప్రెసిడెంటు, రిటైరైన బ్యాంకు మేనేజరు, తనే ఇంటికొచ్చాడు. "మేం ఫౌండ్రీని ఏమీ అనడం లేదమ్మా. గొట్టానికి ఫిల్టరు పెట్టించమంటున్నాం, అంతే. రేపు ఆఫీసర్లు వస్తున్నారు. మీ పాప సంగతి మీ నోటితో చెప్పండి చాలు."

మొగుణ్ణి అడిగింది. "చెప్పు. ఫిల్టరు పెడితే మాకూ మేలే. లోపల మేం మింగేదీ అదే కదా," అన్నాడాయన.

మర్నాడు మీటింగులో పాపని పక్కన నిలబెట్టుకుని చెప్పింది. "నా బిడ్డకి కంటిమీద కునుకు లేదండీ. ఆ గొట్టాన్ని ఏదో ఒకటి చెయ్యండి," అంటూ ఏడ్చేసింది. పాప కూడా సరిగ్గా అప్పుడే దగ్గింది. హాలంతా చప్పట్లు కొట్టారు.

ఫిల్టరు పెట్టలేదు. ఫౌండ్రీనే లేపేశారు. యజమానికేం, బంగారంలాంటి స్థలం అమ్ముకుని, నగరానికి ఇంకో కొసన, మునుపటికంటే దూరంగా కొత్త షెడ్డు వేసుకున్నాడు. మొగుడు షెడ్డు పక్క గదిలో మిగతా పనివాళ్లతో పడుకుని, ఆదివారం వచ్చి వెళ్లడం మొదలుపెట్టాడు.

"నా నోరు పడిపోయినా బాగుండేది," అంటే, "నీ తప్పేముందే," అనేవాడు. ఒక్కసారి తిట్టినా ఆమెకి కాస్త తేలికపడేదేమో.

పాప దగ్గు తగ్గింది. మధ్యాహ్నం సైరన్ లేదు. "నాన్న బెల్లు ఎందుకు తీసేశారమ్మా?" అని పాప అడిగితే, "నీకు దగ్గు రాకూడదని," అంది, చొక్కాకి గుండీ కుడుతూ, తల కూడా ఎత్తకుండా.

ఒక ఆదివారం పని ఎక్కువై ఆయన రాలేకపోయాడు. తల్లీకూతుళ్లే బయల్దేరి వెళ్లారు. షెడ్డు దగ్గర ఒక ఇల్లు ఖాళీగా ఉందట. పొగ తగలకుండా కాస్త పక్కకి ఉందేమో, చూడాలని ఆమె ఆశ. ఆయన కాసేపు పర్మిషన్ అడిగి ఆ ఇంటి దగ్గరికి వచ్చాడు. అచ్చం పాత ఇల్లే. వంటగది కిటికీ తెరిస్తే పొగగొట్టం, మునుపటికంటే దగ్గరగా. గాలి ఇటే కొడుతోంది.

ఇంటావిడ గలగలా మాట్లాడేస్తోంది. "ఇప్పుడేం లేదు గానీ, కొన్నేళ్లు ఓపిక పట్టి చూడండి. సిటీ మొత్తం ఇక్కడికే వచ్చేస్తుంది!"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకి ఇల్లంటే ఇక భయమేసింది.

పాప పెరట్లో కదలకుండా నిలబడి ఉంది. పెదాలు గట్టిగా బిగించింది. మొహం ఎర్రగా కందిపోయి, కళ్లనిండా నీళ్లు.

"ఏమైందే?"

తల అడ్డంగా ఊపింది. తర్వాత ఊపిరి బిగబట్టి, గబగబా, "నాకు దగ్గు రావట్లేదమ్మా. ఇక్కడే ఉందాం," అని మళ్లీ నోరు మూసేసుకుంది.

ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఇంటావిడతో, "మాకొద్దండీ," అంది. ఎందుకని ఆవిడ అడుగుతుండగానే పాపని ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆయనకి షిఫ్టు ఉంది, బస్సెక్కలేదు. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. నోరు తెరవలేదు. బస్సు మలుపు తిరిగి, నాన్న కనపడకుండా పోయాక, తల్లి ఒళ్లో మొహం దాచుకుని దగ్గడం మొదలుపెట్టింది.